స్ట్రోక్ చికిత్సపై నిపుణుల ఏకాభిప్రాయ సిఫార్సులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సిఫార్సుల ప్యానెల్‌లో మొదటిసారి కూర్చోబోతున్న డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఆ సిఫార్సులను వార్డులో అమలు చేసేవాళ్లు అడిగినవీ, ఇంట్లో ఒకరికి స్ట్రోక్ (మెదడు నాళంలో గడ్డ అడ్డుపడి గానీ, నాళం చిట్లి గానీ వచ్చే పక్షవాతం) వచ్చాక కుటుంబ సభ్యులు అడిగినవీ కొన్ని ఉన్నాయి. ఇలాంటి ప్యానెళ్లలో అభిప్రాయాలు సేకరించి, క్రోడీకరించి, వాక్యాలు దిద్దే పని చాలాకాలం చేశాను. అందుకే కొన్నిచోట్ల నా సొంత అభిప్రాయం కూడా చెప్పాను.

స్ట్రోక్ మీద ఇన్ని పరిశోధనలు ఉన్నాయి కదా, మళ్లీ నిపుణులు కూర్చుని ఒక మాటకు రావడం దేనికి?

పరిశోధనలు ఉన్నమాట నిజమే. 1995లో ఎన్‌ఐఎన్‌డీఎస్ అనే ట్రయల్, అంటే చికిత్సను రోగుల్లో పోల్చి చూసే పరీక్ష, 624 మందితో జరిగింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ ఇస్తే, మూడు నెలల తర్వాత దాదాపు ఏ వైకల్యమూ లేకుండా బయటపడేవాళ్లు పెరుగుతారని అది తేల్చింది. 2008లో ఎకాస్-3 అనే ట్రయల్ ఆ గడువును నాలుగున్నర గంటల దాకా పెంచింది. 2015లో ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఐదు ట్రయల్స్, పెద్ద రక్తనాళంలో ఇరుక్కున్న గడ్డను తీగతో లాగేసే థ్రాంబెక్టమీకి గట్టి స్థానం ఇచ్చాయి. ఆ ఐదింటిలోని 1,287 మంది వివరాలను మరుసటి ఏడాది కలిపి చూస్తే, ప్రతి 2.6 మందికి ఈ చికిత్స చేస్తే ఒకరికి వైకల్యం కనీసం ఒక మెట్టు తగ్గుతుందని తేలింది. వైద్యంలో ఇంత స్పష్టమైన ఫలితం అరుదు.

అయితే అత్యవసర విభాగానికి వచ్చే మనిషి ట్రయల్ నిబంధనలు చూసుకుని రాడు. ఎకాస్-3లో 80 ఏళ్లు దాటినవాళ్లను చేర్చుకోలేదు. గర్భిణులను ఈ ట్రయల్స్ పక్కనే పెట్టాయి. రెండు వారాల కిందట ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పలచబరిచే మాత్ర ఆ ఉదయమే వేసుకున్నవాళ్లు, క్యాన్సర్ చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు కూడా అంతే. వీళ్లకూ స్ట్రోక్ వస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు (న్యూరాన్లు) చచ్చిపోతాయని 2006లో ఒక అంచనా వచ్చింది. ఎదుట ఉన్న డాక్టరు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. ఏమీ చేయకుండా ఊరుకున్నా అదీ ఒక నిర్ణయమే.

ఆ నిర్ణయం ఒంటరిగా, హడావిడిలో, ఒక్కరి అనుభవం మీద జరగకుండా చూడటానికే ఏకాభిప్రాయ సిఫార్సులు. నా దృష్టిలో వాటి అసలు పని ఒక్కటే: రుజువు ఎక్కడితో అయిపోయిందో, అభిప్రాయం ఎక్కడ మొదలైందో చదివేవాళ్లకు కనబడేలా గీత గీయడం. ఆ గీత లేని పత్రం ఎంత పెద్దవాళ్లు రాసినా నేను నమ్మను.

మార్గదర్శకాలు, ఏకాభిప్రాయ ప్రకటనలు ఒకటేనా?

దగ్గరి చుట్టాలే కానీ ఒకటి కాదు. మార్గదర్శకం ఆధారాల క్రమబద్ధ సమీక్షతో మొదలై, ఆ ఆధారాల బలాన్ని బట్టి సిఫార్సు చేస్తుంది. ఆధారాలు లేనిచోట, లేదా ఉన్నవి ఒకదానితో ఒకటి పొసగనిచోట ఏకాభిప్రాయ ప్రకటన వస్తుంది.

యూరోపియన్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ పద్ధతి నాకు నచ్చుతుంది. వాళ్ల మార్గదర్శకంలో ఆధారాలున్న సిఫార్సు ఒక పెట్టెలో, నిపుణుల ఏకాభిప్రాయం ఇంకో పెట్టెలో ఉంటాయి. రెండో పెట్టెలో ఓటేసినవాళ్లలో ఎందరు ఒప్పుకున్నారో కూడా వేస్తారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన ఆధారాల స్థాయిల్లో చివరి మెట్టుకు 'నిపుణుల అభిప్రాయం' అనే పేరే పెట్టింది. పేరు ఏదైనా, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నిపుణులంతా ఒప్పుకున్నారంటే అది సరైనదే అయి ఉంటుంది కదా?

ఈ ప్రశ్నకు కొంచెం ఎక్కువ చోటు కావాలి, ఎందుకంటే స్ట్రోక్ చరిత్రలో దీనికి బాధాకరమైన జవాబులున్నాయి.

స్ట్రోక్ వచ్చిన మనిషిని ఎంత త్వరగా మంచం మీద నుంచి లేపి నడిపిస్తే అంత మంచిదని చాలామంది గట్టిగా నమ్మేవారు. నమ్మకానికి కారణాలూ ఉన్నాయి: పడుకునే ఉంటే ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో గడ్డలు, కండరాలు కరగడం. అవర్ట్ అనే ట్రయల్ 2,104 మందితో దీన్ని పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించింది. మొదటి 24 గంటల్లోపే మొదలుపెట్టి పదేపదే లేపినవాళ్లలో 46 శాతం మంది మూడు నెలలకు బాగా కోలుకున్నారు. మామూలు పద్ధతిలో చూసుకున్నవాళ్లలో 50 శాతం మంది కోలుకున్నారు. మేలు అనుకున్నది కాస్త కీడే చేసింది.

ఇంకోటి. ఆస్పిరిన్ లాంటి మందు వాడుతున్న మనిషికి మెదడులో రక్తస్రావం అయితే ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్న ఆలోచన పాఠ్యపుస్తకంలా తార్కికంగా ఉంటుంది. మందు ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వడం లేదు, కొత్తవి ఇస్తే రక్తం ఆగుతుంది. ప్యాచ్ ట్రయల్ 2016లో 190 మందిలో దీన్ని చూసింది. ప్లేట్‌లెట్లు ఎక్కించినవాళ్లలో మరణం లేదా ఇతరులపై ఆధారపడే స్థితి ఎక్కువైంది. ఆ ట్రయల్‌కు ముందు రోజు ఓటు పెట్టి ఉంటే ప్లేట్‌లెట్లకు మంచి మెజారిటీయే వచ్చి ఉండేదని నా అనుమానం.

మూడోది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. గుండె లయ తప్పడం వల్ల, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల, స్ట్రోక్ వచ్చినవాళ్లకు రక్తం పలచబరిచే మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలి? తొందరపడితే దెబ్బతిన్న మెదడులో రక్తం చిమ్మవచ్చు. ఆలస్యం చేస్తే ఈలోగా మరో గడ్డ వెళ్లి మరో స్ట్రోక్ రావచ్చు. దీనికి '1-3-6-12' అనే నియమం ఒకటి పుట్టింది. తాత్కాలిక స్ట్రోక్ అయితే మర్నాడు, చిన్నదైతే మూడో రోజు, మధ్యరకమైతే ఆరో రోజు, పెద్దదైతే పన్నెండో రోజు. ఒక్కసారి వింటే మరిచిపోరు. దాని వెనక ట్రయల్ ఏదీ లేదు, నిపుణుల అభిప్రాయమే ఆధారం. పదేళ్ల పాటు వార్డు వార్డునా అదే నడిచింది. చివరికి 2023లో ఎలాన్ ట్రయల్ 2,013 మందితో, 2024లో ఆప్టిమాస్ ట్రయల్ 3,600 మందికి పైగా రోగులతో దాన్ని తూకం వేశాయి. ముందుగా మొదలుపెట్టినవాళ్లలో మెదడు రక్తస్రావం పెరగలేదు.

ఆ నియమం పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. అప్పుడు ఏదో ఒక దారి కావాల్సి వచ్చింది, జాగ్రత్త వైపు మొగ్గారు. జరిగిన పొరపాటు వేరే. ఒక స్లయిడ్ నుంచి ఇంకో స్లయిడ్‌కు, ఒక చేతిపుస్తకం నుంచి ఇంకో చేతిపుస్తకానికి ఎక్కుతూ పోయేసరికి 'ఇది అభిప్రాయం మాత్రమే' అన్న మాట ఎక్కడో రాలిపోయింది. నాలుగు అంకెలు మిగిలాయి.

రుజువు వచ్చేలోగా గట్టిగా సిఫార్సు చేస్తే నష్టమేముంది?

రుజువు రావడమే కష్టమవుతుంది. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే బేసిలార్ నాళం మూసుకుపోతే బతకడమే గగనం. అందుకని థ్రాంబెక్టమీ ఇక్కడా పనిచేస్తుందని చాలామంది ముందే తీర్మానించుకున్నారు. ఫలితంగా లాటరీ పద్ధతిలో సగం మందికి ఆ చికిత్స ఇవ్వకుండా ఉంచడానికి డాక్టర్లకు మనసొప్పలేదు. బెస్ట్ అనే ట్రయల్‌లో చికిత్స లేని గుంపులో పడినవాళ్లు చాలామంది అటు నుంచి ఇటు మారిపోయారు. 131 మందితోనే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. బేసిక్స్ అనే ట్రయల్‌కు 300 మందిని చేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. రెండూ తేలీ తేలని ఫలితాలతో ముగిశాయి. 2022లో అటెన్షన్, బావోచె అనే రెండు ట్రయల్స్ వచ్చాకే విషయం తేలింది. చికిత్స పొందినవాళ్లలో 46 శాతం మంది మోస్తరుగానో మెరుగ్గానో కోలుకున్నారు, పొందనివాళ్లలో అందులో సగమే.

ఇక్కడ డాక్టర్ల నమ్మకం నిజమైంది. మధ్యస్థ నాళాల విషయంలో అలా జరగలేదు. పెద్ద నాళాల్లో పనిచేసింది కదా, కొంచెం చిన్నవాటిలోనూ పనిచేస్తుందన్న ఆశను 2025లో డిస్టల్, ఎస్కేప్-మీవో ట్రయల్స్ నిలబెట్టలేదు. అదే పరికరం, అదే తర్కం, వేరే జవాబు. కాబట్టి ఆధారం లేనిచోట ప్యానెల్ రాసే ప్రతి వాక్యం పక్కన 'వీలైతే రోగిని ట్రయల్‌లో చేర్చండి' అన్న మాట ఉండాలని నేను ప్రతిసారీ పట్టుబడతాను.

ప్రశ్నలను ఎలా ఎంచుకుంటారు?

ఎవరికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం: ఈ నాలుగూ లేని ప్రశ్న ప్యానెల్ ముందుకు రాకూడదు. 'స్ట్రోక్‌లో బీపీని ఎలా చూసుకోవాలి?' అన్నది ప్రశ్న కాదు, ఒక అధ్యాయం. గడ్డ కరిగించే మందు ఇవ్వబోయేవాళ్లకు 185/110 కంటే తక్కువ ఉండాలన్నది ఒక సంగతి. థ్రాంబెక్టమీతో నాళం పూర్తిగా తెరుచుకున్నాక ఎంత ఉండాలన్నది వేరే సంగతి. ఈ రెండోదానిలో పై అంకెను 120 కంటే కిందికి దించితే కీడు జరుగుతోందని 2022లో ఒక ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. మెదడు రక్తస్రావంలో బీపీ లెక్క మళ్లీ వేరు. మూడింటినీ ఒక్క వాక్యంలో కుక్కితే ఎవరో ఒకరికి హాని జరుగుతుంది.

ఇరవై మంచి ప్రశ్నలు చాలు. నూట యాభై ప్రశ్నలు పంపితే ఎనభయ్యోదాని దగ్గర అలసిపోయి మమ అనిపిస్తారు.

ప్యానెల్‌లో ఎవరెవరు ఉండాలి?

న్యూరాలజిస్టులు ఉంటారు, దానికి ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. అత్యవసర వైద్యులు, రేడియాలజిస్టులు, గడ్డ తీసే నిపుణులు, న్యూరో సర్జన్లు కూడా సాధారణంగా ఉంటారు. మరిచిపోయేది మిగతావాళ్లను: అంబులెన్సులో మొదట చూసేవాళ్లు, స్ట్రోక్ నర్సులు, ఫిజియోథెరపిస్టులు, మాట, మింగడం నేర్పే థెరపిస్టులు, ఫార్మసిస్టులు. చిన్న ఆసుపత్రిలో రాత్రిపూట ఒక్కరే డ్యూటీలో ఉండే జనరల్ ఫిజీషియన్ తప్పనిసరిగా ఉండాలి. సిఫార్సు నిజంగా పరీక్షకు నిలబడాల్సింది ఆ గదిలోనే. ఆధారాలను తూచే పద్ధతి తెలిసిన ఒకరు కూడా కావాలి. ఆయనకు స్ట్రోక్ గురించి తెలియకపోయినా ఫరవాలేదు, ఒక్కోసారి తెలియకపోవడమే మంచిది.

స్ట్రోక్ వచ్చి కోలుకున్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు ఎందుకు ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. మెదడులో పెద్ద భాగం దెబ్బతిని వాచిపోతే, పుర్రె ఎముకలో కొంత భాగం తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ ఉంది. 60 ఏళ్ల లోపువాళ్లకు 48 గంటల్లో చేసిన మూడు ట్రయల్స్‌ను 2007లో కలిపి చూశారు. బతికి బయటపడేవాళ్లు 29 శాతం నుంచి 78 శాతానికి పెరిగారు. కానీ అలా బతికినవాళ్లలో చాలామంది ఇంకొకరి సాయం లేకుండా నడవలేని, సొంత పనులు చేసుకోలేని స్థితిలో మిగిలారు. దాన్ని మంచి ఫలితమనాలా? ఆధారాల పట్టిక దీనికి జవాబు చెప్పదు. ఆ స్థితిలో జీవిస్తున్నవాళ్లను, వాళ్ల పక్కన రాత్రీ పగలూ ఉన్నవాళ్లను అడగాలి. వాళ్లలో కొందరు 'ఈ బతుకు నాకు కావాల్సిందే' అంటారు, కొందరు అనరు. ఆ రెండు మాటలూ సిఫార్సులోకి రావాలి.

మాట పడిపోయినవాళ్లను ఎలా కూర్చోబెడతామని అడుగుతారు. ఒక్కసారి ఒక్క ప్రశ్న, పొట్టి వాక్యాలు, బొమ్మలు, ముందు రోజే చేతికిచ్చిన కాగితం, అన్నిటికన్నా ముఖ్యంగా తొందరపెట్టకుండా ఎదురుచూడటం. వాళ్ల వాక్యాన్ని మనం పూర్తి చేయకూడదు.

డెల్ఫీ పద్ధతి అంటే ఏమిటి?

1950లలో అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ కార్పొరేషన్‌లో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ మొదలుపెట్టిన పద్ధతి. మొదటి ప్రయోగంలో ఏడుగురు నిపుణుల చేత అణుబాంబుల సంఖ్యను అంచనా వేయించారు, వాళ్లను ఒకరికొకరు కలవనివ్వకుండా. రక్షణ రహస్యం కావడంతో అది 1963 దాకా అచ్చుకాలేదు. తర్వాత వైద్యం దీన్ని సొంతం చేసుకుంది.

సారాంశం ఇది. ప్రతి ఒక్కరికీ వాక్యాలు విడిగా పంపుతారు. ఒప్పుకుంటారో లేదో అంకె వేసి, ఎందుకో రాస్తారు. నిర్వాహకులు అంకెలనూ కారణాలనూ పేర్లు లేకుండా కూర్చి తిరిగి అందరికీ పంపుతారు. తమ అంకె మార్చుకోవచ్చు, మార్చుకోకపోనూవచ్చు. సాధారణంగా రెండు మూడు రౌండ్లలో ముగుస్తుంది.

పేర్లు దాచడం ఎందుకంటే మొహమాటం వల్ల. తనకు చదువు చెప్పిన ప్రొఫెసర్ ఎదురుగా 'అది కాదండీ' అనడం ఎంతమందికి సాధ్యం? ముఖాముఖి సమావేశంలో మొదట మాట్లాడిన పెద్దమనిషి వైపే మాట ఒరుగుతుంది, తక్కినవాళ్లు గుంపులో గోవిందా అంటారు. డెల్ఫీలో నర్సు రాసిన కారణమూ విభాగాధిపతి రాసిన కారణమూ ఒకే అక్షరాల్లో, ఒకే సైజులో కనిపిస్తాయి.

దీనికీ లోపాలున్నాయి. మెజారిటీ ఎటుందో చూశాక, కొత్త కారణం ఏదీ కనబడకపోయినా అటు జరిగిపోయేవాళ్లు ఉంటారు. అందుకే రెండో రౌండ్‌లో అంకె మార్చుకున్నవాళ్లను 'ఏ వాదన చూసి మార్చుకున్నారు?' అని అడగడం నాకు అలవాటు. 'అందరూ అంటున్నారు కాబట్టి' అన్న జవాబు వస్తే, దాన్నీ నమోదు చేస్తాను.

ఎంత శాతం ఒప్పుకుంటే ఏకాభిప్రాయం అవుతుంది?

ఎక్కువమంది 75 శాతం దగ్గర పెడతారు, కొందరు 80. అంకె కన్నా ముఖ్యం, అది ఓటింగ్‌కు ముందే రాసి పెట్టి ఉండటం. ఫలితాలు చూశాక గీత జరిపితే ఆ పత్రం విలువ పోతుంది.

శాతం ఒక్కటే చూసినా మోసపోతాం. ర్యాండ్-యూసీఎల్‌ఏ పద్ధతిలో 1 నుంచి 9 దాకా అంకెలు వేస్తారు, నడిమి అంకె 7 నుంచి 9 మధ్య ఉంటే చికిత్స తగినదంటారు. తొమ్మిది మందిలో ఐదుగురు 8 వేసి, నలుగురు 2 వేశారనుకోండి. నడిమి అంకె 8. పైకి అంగీకారం, లోపల రెండుగా చీలిన ప్యానెల్. అందుకే ఆ పద్ధతిలో ముగ్గురు అటు చివర, ముగ్గురు ఇటు చివర ఉంటే నడిమి అంకె ఎంతైనా సరే భేదాభిప్రాయంగానే లెక్కిస్తారు.

మొదటి రౌండ్‌లో ఎందరున్నారో, చివరి రౌండ్‌కు ఎందరు మిగిలారో కూడా చూడండి. ఒప్పుకోనివాళ్లు వాదించి అలసిపోయి జవాబివ్వడం మానేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది.

ఒక సిఫార్సు వాక్యం ఎలా రూపం తీసుకుంటుందో చూపించగలరా?

ఒక డ్రాఫ్టు వాక్యం ఇలా మొదలైంది: 'స్ట్రోక్ రోగులందరికీ ఆహారం ఇచ్చే ముందు మింగే శక్తిని పరీక్షించాలి.' చూడటానికి దీనిలో అభ్యంతరం ఏముందనిపిస్తుంది. మొదటి రౌండ్‌లో దాదాపు అందరూ ఒప్పుకున్నారు. వ్యాఖ్యల గడిలో మాత్రం ఒక నర్సు ఇలా రాశారు: 'మాత్ర వేయడం కూడా నోట్లో పెట్టడమే కదా? ఆస్పిరిన్ మాత్ర నీళ్లతో ఇచ్చేశాకే నన్ను పరీక్షించమంటున్నారు.'

ఆ ఒక్క వ్యాఖ్యతో 'ఆహారం' పోయి 'నీళ్లు, ఆహారం, మాత్రలు సహా నోటి ద్వారా ఏదైనా' వచ్చింది. వెంటనే ఇంకో ప్రశ్న లేచింది. పరీక్షలో తప్పితే ఆస్పిరిన్ ఎలా? 1997లో వచ్చిన రెండు మహా ట్రయల్స్, కలిపి దాదాపు 40,000 మంది, ఆస్పిరిన్‌ను 48 గంటల్లోపు మొదలుపెడితే మేలని చూపించాయి. కాబట్టి ఆపేయడం కుదరదు. మలద్వారం ద్వారా గానీ, ముక్కు గొట్టం ద్వారా గానీ ఇవ్వమని మరో వాక్యం చేరింది. గడ్డ కరిగించే మందు ఇచ్చి ఉంటే ఆస్పిరిన్‌కు 24 గంటలు ఆగాలి, అది ఇంకో ఉపవాక్యం. తర్వాత 'ఎవరు పరీక్షించాలి?' థెరపిస్టే చేయాలంటే రాత్రి చేరిన రోగి తెల్లారేదాకా దాహంతో ఉండాలి. 'శిక్షణ పొందిన ఏ సిబ్బంది అయినా' అని మార్చారు.

మూడో రౌండ్ ముగిసేసరికి ఒక లైను కాస్తా నాలుగు లైన్లయింది. చదవడానికి మొదటి వాక్యమే అందంగా ఉండేది. తెల్లవారుజామున మూడింటికి మంచం పక్కన నిలబడి చదివేవాళ్లకు రెండోదే పనికొస్తుంది.

'బలమైన సిఫార్సు', 'షరతులతో కూడిన సిఫార్సు' అంటే ఏమిటి?

గ్రేడ్ అనే పద్ధతి రెండు విషయాలను విడదీస్తుంది. ఆధారం ఎంత నమ్మదగినది అన్నదానికి నాలుగు మెట్లు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ. సిఫార్సు ఎంత గట్టిది అన్నదానికి రెండే: బలమైనదంటే దాదాపు అందరికీ వర్తించేది, షరతులతో కూడినదంటే రోగిని బట్టి మారేది.

ఆధారం తక్కువైనా సిఫార్సు గట్టిగా ఉండే సందర్భాలు కొన్ని ఉంటాయి. మెదడు సిరల్లో గడ్డ కడితే రక్తం పలచబరిచే హెపారిన్ ఇవ్వడమన్నది 1991లో కేవలం 20 మందితో ఆగిపోయిన ట్రయల్ మీద, 1999లో 60 మందితో జరిగిన మరో ట్రయల్ మీద నిలబడింది. అయినా ప్రపంచమంతటా ఇస్తారు. వదిలేస్తే జరిగే నష్టం పెద్దది, ఇస్తే కలిగే కీడు చిన్నదిగా కనబడుతోంది. ఇలాంటి తూకం వేసినప్పుడు, వేశామని రాయాలి.

తెలుగులో రాసేటప్పుడు ఈ తేడా అంతా క్రియ చివర ఉంటుంది. 'ఇవ్వాలి', 'ఇవ్వడం మంచిది', 'ఇవ్వవచ్చు', 'ఇవ్వకూడదు'. ఈ నాలుగింటినీ మొదటి పేజీలోనే నిర్వచించి, పత్రమంతా వాటికే కట్టుబడాలి. ఒకచోట 'ఇవ్వవచ్చు' అని, ఇంకోచోట అదే విషయానికి 'ఇవ్వడం మేలు' అని రాస్తే చదివేవాళ్లు రెండు వేర్వేరు సిఫార్సులు అనుకుంటారు. 'పరిశీలించదగినది' అన్న మాటను నేను కొట్టేస్తాను. దాన్ని చదివి ఎవరూ ఏమీ చేయలేరు.

కంపెనీల డబ్బు సంగతేమిటి?

గడ్డ లాగే పరికరాలకూ, గడ్డ కరిగించే మందులకూ వాటిని అమ్మేవాళ్లున్నారు. ప్యానెల్ సభ్యులు తీసుకున్న ఫీజులు, ప్రయాణ ఖర్చులు, షేర్లు అన్నీ ముందే ప్రకటించాలి. ప్రకటించడంతో సరిపోదు, సంబంధం ఉన్న అంశంపై ఓటు వేయకూడదు. అధ్యక్షుడికి అసలు సంబంధమే ఉండకూడదు.

డబ్బు లేని పక్షపాతం ఇంకా సూక్ష్మమైనది. ఒక ట్రయల్‌ను పదేళ్లు నడిపిన మనిషి ఆ ట్రయల్ గురించి తటస్థంగా ఉండలేరు. అది మనిషి తప్పు కాదు. ఆయన చెప్పేది శ్రద్ధగా వినాలి, ఆ ఒక్క అంశంలో ఓటు మాత్రం మిగతావాళ్లకు వదలాలి.

ఒప్పుకోనివాళ్ల మాట ఎక్కడికి పోతుంది?

పత్రంలోకే రావాలి. 'ఇద్దరు సభ్యులు ఫలానా కారణంతో విభేదించారు' అన్న ఒక్క వాక్యం చాలు. ఏకాభిప్రాయం కుదరని ప్రశ్నలను తీసేసి కుదిరినవే అచ్చువేయడం చూశాను. అది నష్టం. ఆధారాలన్నీ చూశాక కూడా అనుభవజ్ఞులు రెండుగా చీలారంటే, తర్వాతి ట్రయల్ ఎక్కడ జరగాలో వాళ్లు చూపించినట్టే.

అన్ని సదుపాయాలూ లేని ఆసుపత్రులకు ఈ సిఫార్సులు పనికొస్తాయా?

మెట్లుగా రాస్తే పనికొస్తాయి. వరల్డ్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ సేవలను కనీస స్థాయి, అవసర స్థాయి, ఉన్నత స్థాయి అని మూడుగా విడదీసింది. సీటీ స్కాన్ లేనిచోట గడ్డో రక్తస్రావమో తేల్చలేం, కాబట్టి గడ్డ కరిగించే మందు మాట ఎత్తకూడదు. అక్కడి సిఫార్సు 'ఎంత త్వరగా, ఎక్కడికి పంపాలి' అన్నదే. మరోపక్క శిక్షణ పొందిన బృందం ఒకేచోట చూసుకునే స్ట్రోక్ యూనిట్ వల్ల అన్ని వయసులవాళ్లకూ, గడ్డ అయినా రక్తస్రావమైనా, మేలు జరుగుతుందని బలమైన ఆధారాలున్నాయి. దానికి ఖరీదైన యంత్రాల కన్నా మనుషులు, అలవాట్లు ముఖ్యం. ప్యానెళ్లు గడ్డ తీసే పరికరాలపై గంటలు మాట్లాడి దీన్ని పది నిమిషాల్లో ముగించడం నాకు బాధగా ఉంటుంది.

ఒకసారి రాసిన సిఫార్సు ఎంతకాలం చెల్లుతుంది?

స్ట్రోక్‌లో ఎక్కువకాలం చెల్లదు. 2013లో మూడు ట్రయల్స్ గడ్డను లాగే చికిత్స వల్ల ప్రయోజనం కనబడలేదన్నాయి. రెండేళ్లు తిరగకుండానే మెరుగైన పరికరాలు, సరైన రోగుల ఎంపికతో ఫలితం తలకిందులైంది. 2018లో డాన్ ట్రయల్ ఆ చికిత్సకు 24 గంటల దాకా దారి తెరిచింది. గంటసేపు ఎక్కించే ఆల్టెప్లేస్ స్థానంలో ఒక్క సూదితో అయిపోయే టెనెక్టెప్లేస్ వస్తోంది. ఆస్ట్రేలియాలో 2018 నుంచి మార్గదర్శకాలను 'జీవ' పద్ధతిలో, అంటే కొత్త ఆధారం రాగానే ఆ ఒక్క సిఫార్సును దిద్దుతూ నడుపుతున్నారు. అంత శక్తి లేని ప్యానెల్ కనీసం 'ఫలానా ట్రయల్ ఫలితం వస్తే ఈ సిఫార్సును తిరిగి చూడాలి' అని రాసిపెట్టాలి.

ఒక పత్రం చేతికొస్తే మొదట ఏం చూడాలి?

నేనైతే సిఫార్సులు చదవను, పద్ధతుల పేజీ తెరుస్తాను. అంగీకార పరిమితి ముందే పెట్టారా, ప్రతి వాక్యానికీ ఓట్లు వేశారా, ఎవరు ఓటుకు దూరంగా ఉన్నారు, చివరిగా ఆధారాలు వెతికిన తేదీ ఏది. అగ్రీ-2 అనే 23 అంశాల పరికరం మార్గదర్శకాలను తూచడానికి ఉంది. 2024లో వచ్చిన అకార్డ్, ఏకాభిప్రాయ పద్ధతిని ఎలా నివేదించాలో చెబుతుంది.

మా ఇంట్లో ఒకరికి స్ట్రోక్ వచ్చింది. డాక్టరు గారు 'దీనికి గట్టి ఆధారాలు లేవు, నిపుణులు ఇలా చేయమంటున్నారు' అన్నారు. భయపడాలా?

అలా చెప్పిన డాక్టరు మీతో నిజాయితీగా ఉన్నారు. రెండు ప్రశ్నలు అడగండి. 'ఇది చేయకపోతే ఏం జరగవచ్చు?' 'మీవాళ్లకే అయితే ఏం చేసేవారు, ఎందుకు?' దీనిపై ఏదైనా ట్రయల్ నడుస్తుంటే చేరే వీలుందా అని కూడా అడగవచ్చు.

మీ చేతిలో ఉన్న ఒక వివరం మాత్రం ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నట్టు ఎవరు, ఎన్ని గంటలకు చూశారు? మూతి వంకరపోయినట్టు మీరు గమనించిన సమయం వేరు, అంతకుముందు బాగా మాట్లాడిన సమయం వేరు. నిద్రలోనే వచ్చి ఉంటే పడుకున్న సమయం, మధ్యలో లేచి బాత్రూమ్‌కు వెళ్లి ఉంటే ఆ సమయం చెప్పండి. 2018లో వేకప్ ట్రయల్ వచ్చాక, అలా లక్షణాలతోనే నిద్రలేచినవాళ్లకు కూడా ఎంఆర్‌ఐ చూసి గడ్డ కరిగించే మందు ఇచ్చే అవకాశం ఏర్పడింది. మూడు గంటల సిఫార్సా, నాలుగున్నర గంటలదా, ఇరవై నాలుగు గంటలదా అన్నది ఆ అంకె మీదే తేలుతుంది. ఆసుపత్రికి బయలుదేరే ముందే ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకోండి.